గాజుల ఉరుకుందప్ప సాసరు సాధించిన విధంబు

జయము చాయకు! జయము దానిని చల్లార్చు సాసరునకు! తుంగభద్ర కాలువ నీరు సిరవార సీమ మళ్లను నింపి, రాయచూరు బజారున వడ్లబస్తాలు కొండలై పేరుచున్న ఆ శుభకాలమున, గాజులవర్తకతిలకుడు, బేరసారరణధీరుడు, గాజుల ఉరుకుందప్ప అను మహావీరుడు ఇంటనున్న ఒకే ఒక్క సాసరును చేజార్చి వేయి వ్రక్కలు గావించెను. అయ్యయ్యో!

అంతట ధర్మపత్ని కృష్ణాబాయి కొంగు నడుమున దోపి, "కొత్తది కొనేది లేదు! మీ చేత్తోని ఒకటి చేసి తెచ్చేదాంక గ్లాసుల్నే తాగుండ్రి" అని శపథము పట్టెను. సాసరున పోసి జుర్రనిదే చాయ గొంతు దిగని ఆ మహానుభావుడు మూడు దినములు నాలుక కాల్చుకొని, నాలుగవనాడు మీసము మెలివైచి గర్జించెను: "ఓసి కృష్ణాబాయీ! అంగట్ల పగిలిన గాజులు గంపెడున్నయి. అవి కరగబోసి సాసరు చెయ్యకపోతే నేను ఉరుకుందప్పనే కాదు! ఇజ్జత్ సవాల్ ఇది!"

అట్లు పలికి యాపలదిన్ని కుమ్మరి హుచ్చమ్మ బట్టీకి దండు వెడలి, అచ్చుగా ఇనుప మూకుడును వరించి, దోసె పెనమునకు వలె నూనె దట్టముగ పట్టించి, గాజుముక్కలు పేర్చి, ఘోరజ్వాలామాలాకరాళమగు బట్టీగర్భమున నిలిపెను. ఏమి లాభము! నూనె పొగయై పోయెను; గాజును ఇనుమును ఏడేడు జన్మల దంపతులవలె అంటుకొనెను. సుత్తెతో మోదగా మూకుడు నిలిచెను, సాసరు నుగ్గయ్యెను.

హుచ్చమ్మ పకపక నవ్వెను. "గాజేమన్న దోసెనా అప్పా, నూనె రాయనీకి? గంత మంటల నూనె నిలుస్తదా? మట్టి అచ్చు తీస్కో. సుద్ద చిక్కగ కలిపి రెండుసార్లు పుయ్యి, బాగ ఎండనియ్యి. బట్టీ సల్లారేదాంక మాత్రం చెయ్యి పెట్టకు."

"గట్లనే అవ్వా" అని ఆ అభిమానధనుడు తల వంచి, కాల్చిన మట్టిమూకుటికి సుద్దకవచము రెండు మారులు తొడిగి, ఎండించి, గాజులు పేర్చి, మంట పెట్టించి, రెండు పగళ్లు బట్టీ ముంగిట కూర్చుండెను. మూత తీయుటకు చేతులు దురద పెట్టుచున్నను, పళ్లు బిగబట్టి ఓర్చెను. మూడవనాటి ప్రొద్దున అచ్చును బోర్లించి, వ్రేలితో తట్టెను. టప్పున ఊడి అరచేత బడెను, ఎరుపు పచ్చ చారల సాసరు!

ఇంట కృష్ణాబాయి దానిని తిప్పి తిప్పి చూచి, "వంకర ఉంది" అనెను. అయినను చాయ పోసెను. అందు పట్టినది ఒక్క గుక్క. ఆ గుక్కను వీరుడు వీధి దద్దరిల్ల జుర్రి, నాలుక చాచి చూపెను. కాలలేదు! వినుడు జనులారా, రాయచూరు పట్టణమున ఆ దినమున ఉరుకుందప్ప ఒక్క గుక్క చాయను సాసరున త్రాగి దిగ్విజయము గాంచెను! గ్లాసు ఖాళీయగుటకు పదునేడు మార్లు పోయవలసి వచ్చెను. పదునేడు మార్లును కృష్ణాబాయియే పోసెను.