ఐలయ్య ఎక్కడ పడ్డాడు?

ఆ రోజుకు ఐలయ్య పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పొద్దున గుళ్లు చూడాలి. మధ్యాహ్నం బజారులో భార్య శాంతికి ఒక హ్యాండ్‌బ్యాగు కొనాలి. సాయంత్రం కాస్త నడుం వాల్చాలి.

నర్మెట్టలో ఆయనకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. అమ్మకాల్లో టార్గెట్ దాటిన డీలర్లను ఒక పురుగుమందుల కంపెనీ కంబోడియా తీసుకొచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లంతా ఒకే బస్సులో ఉన్నారు. ఐలయ్య పక్క సీటు యుగేందర్‌ది. మొగుళ్లపల్లిలో అతనిదీ ఇలాంటి దుకాణమే. వయసులో చిన్న, మాటలో పెద్ద.

గుళ్లు చూసి వస్తుంటే బస్సు తాటిబెల్లం అమ్మే పాకల దగ్గర ఆగింది. రోడ్డుకు ఇరువైపులా తాటిచెట్లే. అక్కడి గీత కార్మికుడు ఒకడు చెట్టుకు వెదురుబొంగు కట్టి, దాని కణుపుల మీద అడుగేస్తూ పైకి పోతున్నాడు.

"నిచ్చెన మీద ఎక్కినట్టు ఎక్కుతున్నడేందిరా!" అన్నాడు ఐలయ్య.

"ఎట్లెక్కితె నీకేందన్నా? కల్లు దిగుతున్నదా లేదా, గది చూడు."

"మా నాయిన చూస్తె నవ్వుతుండె."

ఐలయ్య తండ్రి, తాత చెట్లు గీసినవాళ్లు. అన్న కొమురయ్య ఇప్పటికీ గీస్తున్నాడు. ఊళ్లో గీత కార్మికుల సంఘానికి అధ్యక్షుడు కూడా. ఐలయ్య ముప్పై ఏళ్లు వచ్చేదాకా గీశాడు. ఆ తర్వాత చెట్టెక్కే మోకును అన్న చేతికిచ్చి దుకాణంలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కొమురయ్య అతన్ని తమ్మీ అని పిలవడం మానేశాడు. ఎవరైనా అడిగితే "మా సేటు" అంటాడు.

ఐలయ్య బస్సు డ్రైవరు దగ్గర తాడు తీసుకున్నాడు. బూట్లు విప్పాడు, ప్యాంటు మడిచాడు, నడుముకూ చెట్టుకూ కలిపి తాడు చుట్టాడు. డీలర్లు ఈలలు వేశారు. యుగేందర్ వీడియో తీశాడు. ఐలయ్య కొనకు చేరగానే అతను ఫోను జేబులో పెట్టుకుని కల్లు కుండల దగ్గరికి పోయాడు. మిగిలినవాళ్లూ అతని వెనకే పోయారు. ఐలయ్య దిగడం చూసింది ఆ గీత కార్మికుడొక్కడే. అతను ఐలయ్య భుజం తట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

మధ్యాహ్నం బస్సు ఒక మాల్ ముందు ఆగింది. హ్యాండ్‌బ్యాగులు పై అంతస్తులో ఉన్నాయి. అందరూ ఎస్కలేటర్ ఎక్కి పోయారు. ఐలయ్య మెట్ల కోసం వెతికాడు. మెట్ల తలుపుకు తాళం ఉంది. తిరిగొచ్చి ఎస్కలేటర్ మీద కుడికాలు పెట్టాడు. కుడికాలు పైకి పోయింది. ఎడమకాలు ఇంకా ఆలోచిస్తోంది.

పడిన చప్పుడుకు కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. యుగేందర్ వచ్చేసరికి ఐలయ్య నేల మీద ఎడమకాలు పట్టుకుని కూర్చున్నాడు. మడమ పైన కాలు ఉండాల్సినట్టు లేదు.

"ఏమైందన్నా? ఎట్ల పడ్డవు?"

అప్పుడే ఒక చిన్నపిల్ల బొమ్మను చంకలో పెట్టుకుని ఆ మెట్ల మీద పైకి పోతోంది. వాటి మీదే తాను పడ్డానని చెప్పడానికి ఐలయ్యకు నోరు రాలేదు.

"పొద్దుగాల చెట్టు దిగేటప్పుడు పట్టు తప్పింది యుగేందర్. సగం మీదికెల్లి పడ్డ. అప్పటి సంది గుంజుతనే ఉన్నది. ఇప్పుడు మొత్తమే ఇరిగింది."

"చెట్టు మీదికెల్లి పడి, మాకు చెప్పకుంట గిప్పటిదాక నడిచినవా? నువ్వు మనిషివి కాదన్నా!"

దవాఖానకు చేరేలోపే యుగేందర్ వీడియోను, దాని కింద ఐలయ్య పడిన కబురును మూడు జిల్లాల డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసి రెండు ఎముకలు విరిగాయన్నాడు. తాత్కాలికంగా కట్టు వేశాడు. వారంలోగా ప్లేట్లు వేయాలి, లేకపోతే కాలు వంకర అతుక్కుంటుంది. ఆపరేషన్ సొంత దేశంలో చేయించుకోవడం మేలు అన్నాడు. అయితే విమానంలో కాలు చాపుకుని పడుకోవాలి, వెంట నర్సు ఉండాలి. అలా ఇంటికి చేర్చే ఏర్పాటు టూరుతో పాటు ఇచ్చిన ఇన్సూరెన్స్‌లో ఉంది. ఎల్లుండి బస్సులోవాళ్లంతా వెళ్లిపోతారు. ఇన్సూరెన్స్ ఒప్పుకోకపోతే ఐలయ్య ఆ మంచం మీద ఒక్కడే మిగులుతాడు.

ఇన్సూరెన్స్ సహాయ కేంద్రం నుంచి తేజస్విని అనే అమ్మాయి ఫోన్ చేసింది. యుగేందర్ స్పీకర్ ఆన్ చేశాడు.

"దెబ్బ ఎలా తగిలిందో చెప్పగలరా అండీ?"

ఐలయ్య యుగేందర్ వైపు చూశాడు. యుగేందర్ ఆగలేకపోయాడు.

"తాడిచెట్టు ఎక్కిండు మేడం! నిచ్చెన లేదు, ఏం లేదు. ఉత్త తాడు చుట్టుకొని ఎక్కిండు!"

అవతల కీబోర్డు టకటకలాడింది.

"తాడు సాయంతో ఎత్తులు ఎక్కేటప్పుడు జరిగే ప్రమాదాలకు ఈ పాలసీ వర్తించదండీ. అయినా పైవాళ్లను అడిగి చెబుతాను."

"గదేంది మేడం? తాడు లేకుంట ఎక్కితె వర్తిస్తదా?"

తేజస్విని పాలసీ నంబరు అడిగి రాసుకుంది.

ఆమె పెట్టేయగానే ఊరి నుంచి ఫోన్ వచ్చింది.

"తమ్మీ!"

ఐలయ్య ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత వింటున్న పిలుపు.

"ఎంత ఎత్తు మీదికెల్లి పడ్డవురా?" అన్నాడు కొమురయ్య.

"సగం ఉంటదన్నా."

"మోకు తెగిందా?"

"మోకు యాడిది? బస్సు తాడు. జారింది."

కొమురయ్య చాలాసేపు మాట్లాడలేదు. "సరే. రంది పడకు. సంఘం ఉన్నది" అని పెట్టేశాడు.

ఆ మౌనం నిండా ప్రేమే అనుకున్నాడు ఐలయ్య. కాలు సలుపుతున్నా ఆ పూట కమ్మగా కునుకు పట్టింది.

సంఘం నిజంగానే ఉంది. పరాయి దేశంలో ఉన్నంత మాత్రాన తాటిచెట్టు తాటిచెట్టు కాకుండా పోదని తీర్మానించింది. చెట్టు మీద నుంచి పడ్డవాళ్లకు సర్కారు ఇచ్చే సాయం ఐలయ్యకూ ఇవ్వాలని మండలాఫీసులో వినతిపత్రం ఇచ్చింది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది: "విదేశంలో తాటిచెట్టు పైనుంచి పడి గీత కార్మికుడికి గాయాలు". పేరు, ఊరు, విరిగిన కాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పడిన చోటు ఒక్కటే తప్పు.

యుగేందర్ ఆ వార్తను ఫొటో తీసి తేజస్వినికి పంపాడు.

"పేపర్ల కూడ పడ్డదన్నా. ఇగ కాదనలేరు" అన్నాడు.

ఇన్సూరెన్స్ వాళ్లు గంటలోపే కాదన్నారు.

యుగేందర్ భోజనానికి పోయేదాకా ఆగి, ఐలయ్య తేజస్వినికి ఫోన్ చేశాడు.

"అమ్మా, జర మెల్లగ మాట్లాడు. నేను చెట్టు మీదికెల్లి పడలే. మాల్‌ల కరెంటు మెట్లు ఉంటయి గద, గవాటి మీద పడ్డ."

"మరి చెట్టు అన్నారెందుకండీ?"

"నీ కాడ దాచుడెందుకు బిడ్డా? నామోషీ."

తేజస్విని నవ్వలేదు. అందుకు ఐలయ్య ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాడు. మాల్ కెమెరా వీడియో తెప్పిస్తామని ఆమె చెప్పింది. ముఖం స్పష్టంగా కనపడకపోతే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టాలి, వీడియోను పాలసీలో ఉన్న శాంతి నంబరుకు పంపుతామంది.

శాంతి ఒక్కతే చూస్తుందంటే ఇబ్బంది లేదు. ముందే ఒక మాట చెప్పి ఉంచుదామని ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. గంట ఆగి మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేయబోతుంటే ఆమే చేసింది.

"ఏమయ్యా, గా వీడియో ఏంది?"

"నువ్వు చూసినవా?"

"సంఘమంత చూసింది. నా ఫోను బావ చేతిల ఉండె. పొద్దటి సంది నీ చెట్టు వీడియో పెట్టి, ఎక్కుడుల తప్పు లేదు, తాడుదే తప్పని అందరికి చెప్తున్నడు. గిది దాని రెండో ముక్క అనుకున్నరు."

ఐలయ్య కళ్లు మూసుకున్నాడు. "అన్న ఏమన్నడు?"

"ఏమనలే. మల్ల పెట్టమన్నడు. మల్ల చూసిండు. ఇగో, మాట్లాడుతడట."

కొమురయ్య గొంతు వినిపించింది. "గా మెట్ల మీద పడ్డది నువ్వేనారా?"

"నేనే అన్నా."

"మరి చెట్టు?"

"మంచిగనే ఎక్కిన. మంచిగనే దిగిన."

"నాయిన మీద ఒట్టు?"

"ఒట్టు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఎంత పని జేసినవురా తమ్మీ! గా ముచ్చట విన్నకాడి నుంచి నాకు బుక్క దిగుతలేదు. పరాయి దేశపోళ్ల ముంగట మన నాయిన కొడుకు చెట్టు మీదికెల్లి పడ్డడంటె ఏం బతుకురా మనది? తలకాయ కింద పెట్టుకొని గా కాయితం ఇచ్చిన. కరెంటు మెట్ల మీద పడితె నామోషేందిరా? గవి మనం గీసే చెట్లా?"

"నువ్వు నవ్వుతవనుకున్న."

"నవ్వుత. నువ్వు ఇంటికి రా, ఎదురుంగ కూసొని నవ్వుత."

తర్వాత ఫోను దూరంగా జరిగింది. "చెట్టు మీదికెల్లి పడలే! మా తమ్ముడు పడలే!" అని కొమురయ్య అరవడం, వాకిట్లో చప్పట్లు మోగడం ఐలయ్య మంచం మీద పడుకునే విన్నాడు.

సాయంత్రం తేజస్విని ఫోన్ చేసి, జరిగింది చెప్పింది. శాంతి నంబరుకు చేసి, వీడియోలో ఉన్నది మీ తమ్ముడేనా అని అడిగితే కొమురయ్య వెంటనే అవునన్నాడట.

"చెట్టెక్కి సుఖంగ దిగిండు, గది కూడ రాసుకో బిడ్డా అన్నారండీ. దాంతో మాకు సంబంధం లేదని చెప్పాను. మాకున్నది అన్నారు."

"మరి రాసుకున్నవా?"

"రాసుకున్నానండీ. మీ ప్రయాణానికి అనుమతి వచ్చింది."

బస్సులోవాళ్లు వెళ్లిన మర్నాడు ఐలయ్య కాలు చాపుకుని, వెంట నర్సుతో విమానమెక్కాడు. శంషాబాద్‌లో కొమురయ్య అంబులెన్సు పక్కన నిలబడి ఉన్నాడు. స్ట్రెచర్‌కు ఒక పక్క తానూ చెయ్యి వేశాడు. హన్మకొండలో ఆపరేషన్ అయిన మూడో రోజు జిల్లా పేజీ పట్టుకొచ్చి తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాడు. సంఘం వినతిపత్రం వెనక్కి తీసుకుంది, పేపరు వాళ్లతో మాట్లాడి సవరణ కూడా వేయించింది. ఐలయ్య ఏ దేశంలో ఎంత ఎత్తు చెట్టు ఎక్కాడో, ఎంత క్షేమంగా దిగాడో అందులో వివరంగా ఉంది.

కాలు ఎలా విరిగిందో రాయడానికి చోటు చాలలేదు.