పది నిమిషాల ఇన్‌చార్జి

“ఇందుమూలముగా ప్రజలకు తెలియజేయడమేమనగా, జిల్లా కరువు నీటి కార్యాలయమందలి కంప్యూటరు ఇకపై ప్రతి శనివారం పగలు పదకొండు గంటలకు ఆర్పబడి, పది నిమిషముల అనంతరం తిరిగి వెలిగించబడును. ప్రజలు భయాందోళనలకు లోను కాకూడదు.”

ఈ ప్రకటనను పదకొండు కార్బన్ కాపీలతో టైపు చేసిన భాగ్యం నాది. పదకొండో కాపీలో అక్షరాలు కనబడవు. అది ప్రజలకు పంచే కాపీ.

ఇంతటి నిర్ణయం తీసుకున్న మహానుభావుడు మా ప్రత్యేకాధికారి బదరీనారాయణ గారు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం గనక పదకొండు గంటలు ఖరారు చేయడానికి ఆయనకు మూడు వారాలే పట్టింది.

అది ఎనభై ఏడో సంవత్సరం. వరసగా మూడేళ్ళు వాన లేదు. ఏ ఊరికి నీళ్ళ ట్యాంకరు పోవాలో వారం వారం జాబితా అచ్చేయడానికి అనంతపురానికి కంప్యూటరు వచ్చింది. దానికి ఏసీ గది కట్టారు. జిల్లాలో చల్లగా ఉన్న గది అదొక్కటే కాబట్టి, కరువు తీవ్రతను సారు అందులోనే కూర్చుని సమీక్షించేవారు.

ప్రతి సోమవారం శింగనమల పక్కనున్న ఓబన్నగుట్ట నుంచి పెద్దక్క అనే ముసలామె ఖాళీ బిందెతో వచ్చేది. ఆ ఊరి బావిలో చేద వేస్తే అడుగున ఠంగుమని తగిలి పొడిగా పైకి వస్తోంది.

“ఏమప్పా, మా ఊరి పేరు ఈ వారమన్నా పడిందా?”

“లేదక్కా.”

“యాడికి పోతాది? పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆడనే ఉండాది గదా!”

ఊరి తప్పేమీ లేదు. కంప్యూటరులో నూటయాభై ఊళ్ళే పడతాయి. ఓబన్నగుట్ట నూటయాభై ఒకటోది.

దీన్ని సరిచేయడానికి హైదరాబాదు నుంచి హనుమంతరాయుడు అనే కుర్ర ఇంజినీరు ఒక ఫ్లాపీ తెచ్చాడు.

“ఇది లోపల పెట్టి, ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలు సార్. లేచేటప్పుడు తప్పు దిద్దుకుంటుంది. ఆ తర్వాత కూడా వారానికోసారి ఆపి ఆన్ చేస్తుండండి, మొరాయించకుండా ఉంటుంది. పది నిమిషాల పని. ఇప్పుడే చేసేయనా?”

సారు ఉలిక్కిపడ్డారు. “ఆ పది నిమిషాలు ఛార్జి ఎవరిది?”

“ఎవరిదీ కాదు సార్. ఆగిపోయి ఉంటుంది.”

“సర్కారులో మనిషి లేని కుర్చీ ఉండొచ్చునయ్యా. ఛార్జి లేని కుర్చీ ఉండకూడదు.”

ఇంజినీరు ఫ్లాపీ బల్లమీద పెట్టి, గుంతకల్లులో రైలందుకోవడానికి వెళ్ళిపోయాడు.

సారు కంప్యూటరుకు పది నిమిషాల సెలవు మంజూరు చేశారు. ఆ పది నిమిషాలకు గుమాస్తా తిప్పయ్యను ఇన్‌చార్జి కంప్యూటరుగా నియమించారు. కంప్యూటరు రాకముందు పంతొమ్మిదేళ్ళు ఈ జాబితాలు చేత్తో రాసింది తిప్పయ్యే.

శనివారం పదకొండు గంటలకు తిప్పయ్యకు దండ వేశారు. ఫ్లాపీ లోపల పెట్టి సారు స్వహస్తాలతో స్విచ్చి ఆర్పారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జిల్లాలో ఆ మాత్రం నీళ్ళున్నందుకు సంతోషించాను.

పదకొండూ పదికి తిప్పయ్య స్విచ్చి మీద వేలు పెట్టాడు.

“ఆగు! జాయినింగు రిపోర్టేదీ?” అన్నారు సారు.

“ఎవరిది సార్?”

“కంప్యూటరుది. సెలవు నుంచి వచ్చినవాడు రిపోర్టు ఇవ్వకుండా పనిలో కూర్చుంటే దాన్ని ఆఫీసంటారా, సంతంటారా?”

“ఆన్ చేస్తేనే గద సార్, అది ప్రింటు కొట్టి ఇచ్చేది?”

“ఇచ్చాకే కదయ్యా, ఆన్ చేసేది!”

తిప్పయ్యకు చెమట పట్టింది, ఏసీ గదిలో. చివరికి స్పష్టత కోరుతూ హైదరాబాదుకు లేఖ రాశాం. రుజువులు జతచేయడం మా ఆఫీసు ఆచారం కాబట్టి, లోపలున్న ఫ్లాపీ తీసి, ‘ఒరిజినల్’ అని ముద్ర కొట్టి, రిజిస్టరు పోస్టులో పంపాం.

జవాబు వచ్చేదాకా తిప్పయ్యే కంప్యూటరు. ఆయన తెల్లకాగితాల మీద గీతలు కొట్టుకుని జాబితా రాశాడు. కాగితానికి నూటయాభైతో పనిలేదు. ఓబన్నగుట్టకు వారానికి రెండు ట్యాంకర్లు పోయాయి. పెద్దక్క రావడం మానేసింది. ఆ ముసలామె రాని సోమవారాలు నాకెంత హాయిగా ఉండేవో చెప్పలేను.

షెడ్యూలు మాత్రం తప్పలేదు. ప్రతి శనివారం సారు ఆరిపోయి ఉన్న కంప్యూటరును ఆర్పి, రిజిస్టరులో ‘సంతృప్తికరం’ అని సంతకం చేసేవారు. తొమ్మిది వారాల్లో ఒక్క ఫిర్యాదు లేదు. క్రమం తప్పకుండా ఆర్పడం వల్లే కంప్యూటరు ఇంత చక్కగా పనిచేస్తోందని సారు నివేదిక పంపారు.

ఆ నివేదిక చదివి మంత్రిగారు షీల్డు పట్టుకుని వచ్చారు.

“ఏదీ, నడిపించి చూపించండప్పా. స్విచ్చి యాడుంది?” అంటూ తానే నొక్కేశారు. మంత్రిగారి వేలు పడ్డాక జాయినింగు రిపోర్టు ఎవరడుగుతారు? కంప్యూటరు కిర్రుమని లేచి, ఫ్లాపీ లోపల లేదు గనక, పాత నూటయాభై ఊళ్ళ జాబితానే అచ్చేసింది. చప్పట్లు, ఫోటో, కారప్పొడి చల్లిన బొరుగులు. మంత్రిగారు వెళ్ళిపోయారు.

సారు తిప్పయ్య జాబితానూ కంప్యూటరు జాబితానూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మొహం మాడిపోయింది.

“ఓబన్నగుట్ట కంప్యూటరులో లేదే? లేని ఊరికి నీళ్ళు తోలించావా?”

“ఊరుండాది సార్! మా చెల్లెల్ని ఆడికే ఇచ్చినాం.”

“బంధుప్రీతి కూడానా!”

తిప్పయ్యకు మెమో ఇచ్చారు. దాన్నీ నేనే టైపు చేశాను. ‘లేని గ్రామమునకు తోలిన పద్దెనిమిది ట్యాంకర్ల నీటిని తాగినవారి నుండి తిరిగి రాబట్టి, ఈ కార్యాలయమునకు జమచేయవలెను.’ తిప్పయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, ఆనాటి తన దండ తగిలించిన మేకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఓబన్నగుట్టకు ట్యాంకర్లు ఆగాయి. సోమవారం పెద్దక్క మళ్ళీ వచ్చింది, బిందెతో. మెమో చదివి వినిపించాను. చదువుతుంటే నాకే సిగ్గేసింది.

ఆమె నేరుగా సారు గదిలోకి పోయింది. వెనకే నేనూ పోయాను.

“ఏమప్పా, ఊరే లేకపోతే మేం యాడుండి తాగినాం? ఎవురు తాగినారు?”

సారు మొహం విప్పారింది. “చూశావటయ్యా! ఊరు లేదనీ, ఎవరూ తాగలేదనీ ఆమే ఒప్పుకుంటోంది. వాంగ్మూలం రాసి వేలిముద్ర వేయించు. ఆడిట్టుకు పనికొస్తుంది.”

రాశాను. ఉద్యోగం చేసుకునేవాణ్ణి, ఏం చేయను? పెద్దక్క బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. ఆ వేలిని కాసేపు చూసుకుంది.

“కడుక్కునేదానికి చుక్క నీళ్ళన్నా ఇప్పియ్యి సారూ.”

సారు కళ్ళజోడు పెట్టుకుని, కంప్యూటరు జాబితా తెప్పించి, ఆమె ఊరి పేరు కోసం మొదటినుంచీ చూడడం మొదలుపెట్టారు.