రెండు మార్కుల తేడా

ఆ ఊళ్లో అందంలో తమకన్నా రెండు మార్కులకు మించి తక్కువున్న మనిషి ఎవరి కంటికీ కనిపించడు. మాట వినిపిస్తుంది, చెయ్యి తగులుతుంది, మనిషి మాత్రం ఉండడు. ఇది ప్రభుత్వం పెట్టిన ఆంక్ష కాదు, కళ్లు వాటంతట అవే చేసుకున్న ఏర్పాటు. ముఖం కొలిచి, పదికి ఎన్ని మార్కులో కార్డు మీద ముద్ర వెయ్యడం వరకే రూప నిర్ధారణ కార్యాలయం వారి పని.

భూసార పరీక్షల కేంద్రంలో పనిచేసే సుభాషిణికి నాలుగున్నర. పక్క భవనంలో సర్వేయరు భానోజీరావుకి ఐదున్నర. మూడేళ్లుగా ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తున్నారు. అతనికి టైఫాయిడ్ వస్తే ఆమె సెలవు పెట్టి గంజి కాచి పోసింది. ఆమె తండ్రి పోయినప్పుడు అతను పదకొండు రోజులూ వాళ్లింటి గుమ్మం వదల్లేదు. ఒక్క మార్కు తేడా ఏపాటిదిలే అని పెద్దలు శ్రావణంలో ముహూర్తం పెట్టారు.

పెళ్లి ఫోటోల కోసమని భానోజీ ఎత్తుపళ్లు సరిచేయించుకున్నాడు, బట్టతల మీద జుట్టు నాటించుకున్నాడు. "నీ పక్కన బాగుండాలి కదేటి" అన్నాడు. సుభాషిణి మురిసిపోయింది. కొత్త కొలతలో అతనికి ఏడు వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె క్యారియరు విప్పుతుండగా అతను వచ్చి ఎదురుగా కూర్చుని గడియారం చూసుకున్నాడు.

"ఇంకా రాలేదేటి?" అన్నాడు తనలో తాను.

"వచ్చాను. ఇక్కడే ఉన్నాను, చూడండి."

అతను జడుసుకున్నాడు. గాలిలో తడిమి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఏడ్చాడు కూడా. "నీ మనసంటే నాకు ప్రాణం సుభా, అదేం మారదు."

"అరమార్కు తగ్గితే చాలండీ. ఆ జుట్టు తీయించెయ్యండి."

అతని చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి పోయి జుట్టును కప్పుకుంది. "కొంచెం టైమివ్వు" అన్నాడు.

నెల తిరక్కుండా అతను ఏడుంబావు మార్కుల అమ్మాయితో భోజనానికి కూర్చుంటున్నాడు. ఆమె తెలివైనదనీ, నిజాయితీపరురాలనీ, పెద్దలంటే గౌరవమున్న పిల్లనీ మొదటిరోజే, ఆమె ఇంకా నోరు విప్పకముందే, తెలుసుకున్నాడు. ఏడు దాటినవాళ్లలో ఈ గుణాలు దూరం నుంచే కనిపిస్తాయి.

సుభాషిణి అర్జీ పెట్టుకోవడానికి రూప నిర్ధారణ కార్యాలయానికి వెళ్లింది. హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. ఒకదాంట్లో కూర్చుంది.

"అమ్మా, నా ఒళ్లో కూర్చున్నారు" అంది ఒక మగగొంతు.

ఆమె అదిరిపడి లేచింది.

"పర్లేదండీ, అలవాటే. ఆ పక్కది ఖాళీ. నాకు అందరూ కనిపిస్తారు."

ఫారంలో పదకొండు గడులున్నాయి. ఆమె మొదటి గడి దగ్గరే ఆగిపోతే ఆ మనిషే తీసుకుని నింపాడు. బల్ల మీద కాగితంపై ముత్యాల్లాంటి అక్షరాలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి.

"తేడా ఎందుకొచ్చిందని అడుగుతున్నారు. ఏటి రాయమంటారు?"

"ఆయన పళ్లు బాగయ్యాయని రాయండి."

"పళ్లు బాగుపడితే చూపు పోయిందన్నమాట."

సుభాషిణి నవ్వింది. నెలరోజుల్లో అదే మొదటిసారి. ఆ తర్వాత జరిగిందంతా చెప్పుకొచ్చింది. అతను గంటసేపు అడ్డు చెప్పకుండా, మధ్యలో తన గోడు దూర్చకుండా విన్నాడు. ఆమె పైటచెంగుతో కళ్లు తుడుచుకోబోతే ఉతికి మడతపెట్టిన రుమాలు ఆమె చేతిలోకి వచ్చింది. ఇలా కూర్చుని ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో అనుకుంది. మనసు తేలికపడింది.

"మీ పేరేంటండీ?"

"మృత్యుంజయం."

"మార్కులు?"

"రెండు."

ఆమె రుమాలు మళ్లీ మడతపెట్టింది. "మీరు చాలా మంచివారండీ" అంది. ఆ ఊళ్లో మూడులోపు వాళ్లను మెచ్చుకోవడానికి వాడే మాట అదొక్కటే. రుమాలు బల్ల మీద పెట్టి, లేచి, నాలుగు కుర్చీల అవతల కూర్చుంది.

పేరు పిలిచారు. గుమస్తా ఏడున్నర మనిషి. అందగాళ్లు లంచం తీసుకోరని నియామక నిబంధనల్లోనే ఉంది. అతను ఆమె వెనకున్న గోడతో మాట్లాడాడు.

"అర్జీదారు వచ్చారా?"

"వచ్చానండీ."

"మిమ్మల్ని కనిపించేలా చెయ్యడం మా పరిధిలో లేదు. అర్జీ అందినట్టు రాసుకుంటాం." కాగితం తిప్పి చూశాడు. "దస్తూరీ బాగుంది. మీదేనా? వేరేవాళ్లు రాసిపెడితే వాళ్ల పేరు కూడా వెయ్యాలి. ఇక్కడున్నారా?"

సుభాషిణి వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలు వరసగా ఉన్నాయి.

"ఎవరూ లేరండీ" అంది.

గుమస్తా కూడా తలెత్తి హాలంతా ఒకసారి కలయజూసి, నిజమేనని ధ్రువీకరిస్తూ ముద్ర వేశాడు.