కొంగ రాని ఊరు

మందు మీద ఉన్నప్పుడు మాటివ్వకూడదని స్టామెన్‌కి తెలియక కాదు. కానీ క్రిస్మస్ పూట భోజనాల దగ్గర అతని భార్య వెల్కా, క్యాబేజీ గిన్నె పక్కన డ్రైవింగ్ లైసెన్సు పెట్టి, "ఇదిగో, పాసయ్యాను" అనేసరికి నోట్లో ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఆకులు రాలినప్పటి నుంచీ వారం వారం బస్సెక్కి పట్నం పోతుంటే, పాటల బృందంలో చేరిందనుకున్నాడు పాపం. ఇంట్లో ఒక్కనాడైనా కూనిరాగం తీయలేదేమిటా అన్న అనుమానం కూడా రాలేదు.

"మరి మా అక్కకి కారు ఎప్పుడిస్తావు బావా?" అంది భోజనానికి వచ్చిన మరదలు గినా.

పక్కింటి మించో గ్లాసు మళ్ళీ నింపాడు. అది లోపలికి వెళ్ళాక స్టామెన్‌కి ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొచ్చింది. "చలి పోయి కొంగ తిరిగొచ్చిన రోజు కారు బయటికి తీస్తాం. ఆ రోజు స్టీరింగు మీ అక్కదే. నేను పక్కన కూడా కూర్చోను, వెనక కూర్చుంటా!" అని బల్ల గుద్దాడు.

తెల్లారి లేచాక బల్ల గుద్దిన చెయ్యి నొప్పెట్టింది. ఎందుకు గుద్దాడో గుర్తొచ్చాక గుండె కూడా నొప్పెట్టింది.

ఆ లేత నీలం లాడా కారు కొన్ననాటి నుంచి దాని స్టీరింగు మీద మరో చెయ్యి పడలేదు. చలికాలం రాగానే దాన్ని దొడ్డి చివర షెడ్డులో ఇటుకల మీదికెక్కించి, పాత బొంతలు కప్పి, బ్యాటరీని మాత్రం విప్పి, తన మిలిటరీ ఓవర్‌కోటులో చుట్టి వంటింటి పక్క గదిలో పడుకోబెడతాడు. పెళ్ళాం తుమ్మితే పట్టించుకోడు గానీ, ఆ గదిలో చలిగాలి దూరితే ప్రాణం ఉసూరుమంటుంది.

వెల్కా అడిగింది పెద్ద కోరికేమీ కాదు. గినా కొండకి అవతలి ఊళ్ళో ఉంటుంది. వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, లేదా స్టామెన్‌ని బతిమాలాలి. బస్సులే నయం. ఎవరిచేతా 'ఇప్పుడెందుకే' అనిపించుకోకుండా, బుద్ధి పుట్టినప్పుడు చెల్లెల్ని చూసి రావాలని ఆవిడ ఆశ.

మార్చి మొదటి రోజున ఊరంతా మణికట్లకి ఎరుపూ తెలుపూ దారాలు కట్టుకున్నారు. కొంగ కనబడేదాకా విప్పకూడదు. కనబడగానే విప్పి చిగురేసిన చెట్టుకి కట్టాలి. ఇంటింటికీ తెలిసిన సంగతే. వెల్కా తన దారం సవరించుకుంటూ మొగుడి వంక చూసి చిన్నగా నవ్వినప్పుడల్లా స్టామెన్‌కి ఒళ్ళు జలదరించేది.

కొంగ ఒక బుధవారం పొద్దున వచ్చింది. స్టామెన్ పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. మూతపడ్డ పాలకేంద్రం పొగగొట్టం మీద, నిరుటి గూట్లో, ఒంటికాలి మీద నిలబడి సరాసరి అతని వైపే చూసింది.

"పో! హుష్!" అన్నాడు స్టామెన్ నోటినిండా నురగతో.

కొంగ ముక్కు టకటకలాడించింది. స్టామెన్ లోపలికి పరిగెత్తి, వంటింటి కిటికీకి దుప్పటి బిగించి మేకులు కొట్టాడు.

"ఏమయ్యా, వంటిల్లు చీకటి చేశావేం?" అంది వెల్కా.

"మార్చి నెలని ఏలే మార్తవ్వకి కోపమొచ్చిందే. చలిగాలి కోసేస్తోంది."

"ఎండ కాస్తుంటే?"

"అదే మరి! ఎండ చూపించి మోసం చేస్తుంది ముసల్ది."

"ఆ టకటక ఏమిటి?"

"మించో కుట్టుమిషను."

"మించోకి పెళ్ళే కాలేదు, కుట్టుమిషనెందుకు?"

"పెళ్ళి కాలేదు గనకే. బొత్తాలు ఎవరు కుడతారు మరి?"

వెల్కా పొయ్యి వైపు తిరిగింది. పెళ్ళాం నోరు మూయించిన ఆ క్షణం తన జీవితంలో గొప్పదనుకున్నాడు స్టామెన్. ఇంట్లో కాచిన రకియా సారా సీసా ఒకటి చంకన పెట్టుకుని మించో ఇంటికి పరిగెత్తాడు.

అప్పటికే మించో దారం విప్పి ప్లమ్ చెట్టుకి కట్టేశాడు.

"ఒరే, మళ్ళీ కట్టుకోరా! నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు కొంగని చూళ్ళేదు!"

"చూశాగదరా. అదిగో, ఇప్పుడూ చూస్తున్నా."

స్టామెన్ సీసా బల్ల మీద పెట్టాడు. మించో దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "నిజమేరా, నా చూపు ఈ మధ్య బాగా మందగించింది" అంటూ దారం విప్పుకొచ్చి కట్టుకున్నాడు.

అయితే ఊళ్ళో కళ్ళున్నది మించో ఒక్కడికే కాదు. రొట్టెల కొట్టు స్తానాకి ఒక సీసా, పోస్టుమాన్‌కి ఒక సీసా, చర్చి గంట కొట్టే ముసలాయనకి రెండు. ఆయనకి రెండు కళ్ళూ బాగా కనిపిస్తాయట. వారం తిరిగేసరికి ఊరు ఊరంతా దారాలు మళ్ళీ కట్టుకుని, నెత్తిమీద కొంగ తిరుగుతుంటే తలవంచుకుని నేల చూస్తూ నడవసాగింది. స్టామెన్ నేలమాళిగలో పీపా మాత్రం అడుగంటింది.

ఇంత చేసినా అతనికి నిద్ర పట్టలేదు. మొదటిరోజు మించో ఇంటి నుంచి వస్తూనే ఓవర్‌కోటు మూట ఎత్తుకొచ్చి తన మంచం కింద పెట్టుకున్నాడు. బ్యాటరీ తన దగ్గరుండగా కారు అంగుళం కదలదు కదా!

"అదెందుకయ్యా ఇక్కడ?" అంది వెల్కా.

"దానికి వెచ్చదనం కావాలే."

"అలాగే. జాగ్రత్తగా చూసుకో." ఆ మాటతో అతని మనసు చల్లబడింది. ఎంతైనా తన పెళ్ళాం మంచిదనుకున్నాడు.

ఒక్కటే చిక్కు, గదిలో కొంచెం పుల్లటి వాసన వేస్తోంది. యాసిడ్ ఊరుతోందేమో, మంచిదే, బ్యాటరీ బలంగా ఉందన్నమాట అని సర్దుకున్నాడు. పిల్లి కూడా రాత్రింబవళ్ళు ఆ మూటనే కరుచుకుని పడుకుంటోంది. మూగజీవికున్న అభిమానం మనుషులకుండదని మెచ్చుకున్నాడు.

తిండి మాత్రం బొత్తిగా చప్పబడిపోయింది. పొరల రొట్టెలో రోజూ గుమ్మడికాయే.

"చీజు ఏదే? పెద్ద డబ్బా ఉండాలిగా?"

"ఎక్కడుందో మరి. కారు తీశాక పట్నం నుంచి తెచ్చుకుందాంలే. కొంగ రానీ."

కొంగ మాట రాగానే స్టామెన్ గుమ్మడికాయ రొట్టె మారుమాట్లాడకుండా మింగేవాడు.

ఆదివారం వెల్కా లిప్‌స్టిక్ వేసుకుని, కొత్త స్కార్ఫు కట్టుకుని చర్చికని బయల్దేరింది. చాలాసేపైనా రాలేదు. స్టామెన్ మంచం మీద కూర్చుని, మూట మీద కాళ్ళు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. అప్పుడు వినబడింది హారన్.

ఊళ్ళో ఎన్ని హారన్లు మోగినా ఆ గొంతు అతనికి తెలుసు. సొంత బిడ్డ ఏడుపు తెలియదా ఎవరికైనా! మూట ఎత్తి గుండెలకి హత్తుకుని షెడ్డుకి పరిగెత్తాడు. ఇటుకలు గోడవార పేర్చి ఉన్నాయి. బొంతలు మడతపెట్టి ఉన్నాయి. కారు లేదు.

"దొంగలు! ఒరే మించో, దొంగలు!" అని అరుస్తూ వీధిలోకి వచ్చాడు.

లేత నీలం లాడా, కడిగి తుడిచి తళతళలాడుతూ, మలుపు తిరిగి వచ్చి అతని ముందు ఆగింది. స్టీరింగు దగ్గర వెల్కా. పక్క సీట్లో గినా, ఒళ్ళో కేకు.

"నమస్కారం బావా! అక్క కొండ మలుపులన్నీ ఒక్క చేత్తో తిప్పేసింది" అంది గినా.

"ఎలా వచ్చింది? బ్యాటరీ నా దగ్గరుంటే కారెలా వచ్చింది?"

"బ్యాటరీ దాని చోట్లోనే ఉందయ్యా" అంది వెల్కా. "నువ్వు మించోకి సీసా మోసుకెళ్ళినప్పుడు కోటులో మార్చాను. ఆ కొంగని నీకన్నా ముందు నేనే చూశాను. నువ్వు 'హుష్' అనడం కూడా విన్నాను."

స్టామెన్ గబగబా కోటు విప్పాడు. తెల్ల చీజు డబ్బా! చీజు నానేసిన ఉప్పునీళ్ళు చొక్కా మీద చిందాయి. కాళ్ళ దగ్గర పిల్లి ఆనందంతో అరిచింది.

"ఇన్నాళ్ళూ భలే కాశావు. దాన్ని దింపకు, దారిలో పనికొస్తుంది" అంది వెల్కా.

స్టామెన్ మించో వైపు తిరిగాడు. "నీకు తెలుసురా?"

"ఇటుకల మీంచి దింపింది, ప్లగ్గులు తుడిచింది, చప్పుడు కాకుండా వీధిలోకి తోసింది నేనే కదరా. నాకు బొత్తాలు కుట్టేవాళ్ళు లేకపోయినా ప్లగ్గులు తుడవడం వచ్చు" అన్నాడు మించో. "నీ సీసా తాగాక చూపు బాగైపోయింది."

గోడల వెంట ఊరు మొత్తం నిలబడి ఉంది. ఒక్కరి మణికట్టుకీ దారం లేదు. స్టామెన్ చేతికి మాత్రం ఎరుపూ తెలుపూ మెలికలు తిరిగి మెరుస్తోంది.

వెల్కా కిటికీ మీద మోచెయ్యి ఆనించింది. "అందరి ముందూ చెప్పు. కొంగ వచ్చిందా, రాలేదా?"

పైన పొగగొట్టం మీద టకటక మొదలైంది. స్టామెన్ తలెత్తి చూశాడు.

"వచ్చింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

జనం గోడలు కూలేలా నవ్వారు. వెల్కా కూడా నవ్వింది. అతని చెయ్యి లోపలికి లాగి, దారం ముడి విప్పి, అద్దానికి వేలాడదీసింది. "ఎక్కు. కొండ మీద తిరిగొద్దాం."

స్టామెన్ అలవాటుగా ముందు తలుపు దాకా వెళ్ళాడు. గినా కేకు సర్దుకుంది గానీ కదల్లేదు. అతనికి క్రిస్మస్ నాడు గుద్దిన బల్ల గుర్తొచ్చింది. వెనక తలుపు తీసి, చీజు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లి కూడా ఎక్కింది.

బండి మెత్తగా కదిలింది. తన చేతిలో అంత మెత్తగా ఎప్పుడూ కదల్లేదని అతనికి తెలిసిపోయింది. అయినా ఊరి చివరి గుంత దగ్గర ఉండబట్టలేక ముందుకి వంగాడు. "వెల్కా, గేరు..."

"ఏమన్నావ్?"

"చీజు ఎవరికైనా కావాలా అంటున్నా" అన్నాడు స్టామెన్.