ఎలుగుబంటి ఇష్టప్రకారమే నడుస్తోంది

శ్రీమతికి తన భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు దాటినా ఆయన ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. వేరే బస్సెక్కితే బస్సు దారి తప్పింది. గొడుగు ఆఫీసులో మర్చిపోయి వస్తే వాన వేళకాని వేళ కురిసింది. చొక్కా గుండీలు ఒక కాజా ఎగ్గొట్టి పెట్టుకుని నలుగురిలోకి వెళ్ళిన రోజున, కుట్టినవాడికి లెక్కలు రావని తేల్చారు. ఇలాంటి మనిషితో కాపురంలో ఒక సుఖం ఉంది. ఇంట్లో తప్పు జరిగితే ఎవరిదా అని వెతుక్కోనక్కర్లేదు. మిగిలింది శ్రీమతి ఒక్కతే.

ఇంతటి అర్హతని ప్రభుత్వం గుర్తించకుండా ఉంటుందా? ఆయన్ని జూలో సమాచార అధికారిగా వేసింది. విదేశాల నుంచి వచ్చి జంతువుల్ని చూసి వెళ్ళినవాళ్ళు రాసే ఉత్తరాలకు జవాబివ్వడం ఆయన ఉద్యోగం. ఆ జవాబులు రాయడం శ్రీమతి పని. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఆ చదువు ఎప్పటికైనా పనికిరాకపోతుందా అని చూస్తూండగా ఆయనకీ ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఉత్తరాల కట్ట భోజనాల బల్ల మీదకి చేరుతుంది. మర్నాటికి జవాబులు సిద్ధం. ఆయన చదవకుండా సంతకం పెడతారు. తను పంపే ఉత్తరాన్ని తనే చదవడమంటే తన్ను తాను అనుమానించుకోవడమేనని ఆయన సిద్ధాంతం.

అలాంటి రోజుల్లో పర్యాటక మంత్రిగారు చరిత్రాత్మకమైన ప్రకటన ఒకటి చేశారు. మన జంతువుల గురించి విదేశీ పర్యాటకులకున్న ఆందోళనని వంద రోజుల్లో సమూలంగా నిర్మూలిస్తామన్నారు. విలేకరి ఒకాయన లేచి, మరి జంతువులకేం చేస్తారని అడిగాడు. మంత్రిగారు ఓపికగా వివరించారు. ఇప్పటిదాకా ఏ జంతువూ తనకు ఫిర్యాదు పెట్టుకోలేదనీ, పెట్టుకున్నవాళ్ళ బాధ ముందు తీర్చడం ప్రజాస్వామ్యంలో కనీస మర్యాద అనీ చెప్పారు. ఎంత లోతైన మాటో చూడండి. మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది.

ఆందోళనని కొలిచే పద్ధతి కూడా ఆయనే కనిపెట్టారు. జవాబు వెళ్ళని ఉత్తరం ఆందోళన. జవాబు వెళ్ళినది తీరిన ఆందోళన. దాంతో దేశం భారం శ్రీమతి భోజనాల బల్ల మీద పడింది.

ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒక ఎలుగుబంటి గురించే. అది బోనులో ఈ చివర్నుంచి ఆ చివరికి తొమ్మిది అడుగులు వేస్తుంది. చివరికి రాగానే తల ఎడమకి ఒక్క విదిలింపు విదిలించి వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ తొమ్మిది. గేటు తెరిచింది మొదలు మూసేదాకా అంతే. చూసినవాళ్ళు ఐదు నిమిషాలు నిలబడి, ఊరెళ్ళి ఐదు పేజీలు రాసేవారు. ప్రతి ఏడాదీ వచ్చే ఒక పెద్దామె పది పేజీలు రాసేది. తన ఫొటో కూడా జతచేసేది, మర్చిపోతారేమోనని. గళ్ళ టోపీ పెట్టుకునేది కాబట్టి ఆఫీసులో ఆమెని అందరూ గళ్ళ టోపీ అనే పిలిచేవారు.

శ్రీమతి ఆ ఎలుగుని ఎప్పుడూ చూడలేదు. అదలా తిరుగుతుందెందుకండీ అని భర్తని అడిగితే, "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నడుస్తారోయ్. నువ్వూ నడవచ్చు" అన్నారు. అధికారిక సమాచారం అంతే. దాన్ని ఆవిడ ఇలా తీర్చిదిద్దింది: "మా ఎలుగుబంటి ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వేచ్ఛగా, తన ఇష్టప్రకారమే రోజుకు ఇరవై వేల అడుగులు నడుస్తుంది. ఈ క్రమశిక్షణ మనలో ఎందరికుంది?"

రాసిన రోజున ఆ చివరి ప్రశ్న ఆవిడకే ముద్దొచ్చింది. పాలు పొంగుతున్నా లేవకుండా రెండుసార్లు చదువుకుంది.

ఆ వాక్యం డైరెక్టరుగారికి నచ్చింది. డైరెక్టరుగారి ద్వారా మంత్రిగారికి నచ్చింది. వారం తిరిగేసరికి బోను ముందు బోర్డుగా వెలిసింది. పిల్లల్ని తెచ్చి చూపించి, చూడు, నువ్వూ ఉన్నావు ఎందుకూ అని తిట్టే తల్లిదండ్రులు బయల్దేరారు. ఉత్తరాలు సగానికి సగం తగ్గాయి. సమాచార అధికారిగారికి ప్రశంసాపత్రం వచ్చింది. "నేను రాసింది ఎప్పుడు తప్పింది గనక" అని దాన్ని ముందు గదిలో మేకు కొట్టి తగిలించారు. మేకు వంకరపోయింది. గోడ కట్టినవాడు సరిగ్గా కట్టలేదు.

మంత్రిగారు అక్కడితో ఆగితే మామూలు మంత్రి అయ్యుండేవారు. ఎలుగుని ఆదర్శంగా తీసుకుని దేశమంతా నడవాలని పిలుపిచ్చి, తొలి నడక స్వయంగా తనే, ఎలుగు పక్కనే నడుస్తానన్నారు. ఆ ఉదయం మంత్రిగారూ, ఆయన వెనక డైరెక్టరూ, పీఏ, గన్‌మెన్లూ, చిట్టచివర అడుగులు లెక్కపెట్టడానికి నోట్‌బుక్కు పట్టుకుని సమాచార అధికారీ, మొత్తం పదకొండు మంది బయల్దేరారు. బోనుకి రెండు వైపులా పూలమొక్కల మళ్ళు ఉండటంతో వీళ్ళకి దొరికిన జాగా కూడా తొమ్మిది అడుగులే. ఆ చివర మొక్కలకి నీళ్ళు చిమ్మే గొట్టం ఒకటి ఉంది. మొహాన నీళ్ళు పడ్డప్పుడల్లా మంత్రిగారు తల ఎడమకి విదిలించి వెనక్కి తిరిగారు. వెనకవాళ్ళకి నీళ్ళు పడకపోయినా మంత్రిగారు విదిలించారు కాబట్టి విదిలించారు.

నాలుగో రౌండులో ఎలుగు ఆగిపోయింది. కూర్చుంది. ముందు కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, గంటసేపు వీళ్ళనే చూసింది. ఈ బోనులోకొచ్చిన పదకొండేళ్ళలో అది పగటిపూట కూర్చోవడం అదే మొదలని కీపరు చెప్పాడు. తన బాధ్యత సమర్థుల చేతిలో పెట్టి విశ్రాంతి తీసుకుంటోందని పీఏ వ్యాఖ్యానించాడు. మంత్రిగారు మరో అరగంట పొడిగించారు.

ఆ మర్నాడు సమాచార అధికారిగారికి జలుబు చేసింది. తప్పు గొట్టానిది. ఆయన దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఉత్తరాలు కీపరే ఇంటికి తెచ్చిచ్చాడు. నెరిసిన మీసాలవాడు, గుమ్మంలోనే చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోలేదు. పైనున్న కవరు గళ్ళ టోపీది. ఊళ్ళోని హోటల్ నుంచే రాసింది. శ్రీమతి వంటింటి గుమ్మానికి ఆనుకుని చదివింది.

నిన్న తను జూకి వచ్చాననీ, ఇన్నేళ్ళూ లోపలున్న ఒక్క ప్రాణే అలా తిరిగేదనీ, ఈసారి బయట పదకొండు ప్రాణులు కూడా అదే తిరుగుడు తిరుగుతున్నాయనీ, ముఖ్యంగా ముందున్న లావుపాటిది తల విదిలించే తీరు చాలా ఆందోళనకరంగా ఉందనీ రాసింది. వాటికి వేళకు తిండి పెడుతున్నారా? వాటిని ఎవరు చూసుకుంటున్నారు? వదిలేసే ఆలోచన ఏమైనా ఉందా?

నవ్వాపుకుంటూ శ్రీమతి కీపరుకి మంచినీళ్ళిచ్చింది. అతను గ్లాసు కింద పెట్టి, చాలాసేపు గొంతు సవరించుకుని, జవాబులు రాసేది అమ్మగారేనట కదా అన్నాడు. ఆవిడ ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది.

"చాలా బాగా రాస్తారంటమ్మగారూ. కొంచెం బాగా రాయకుండా ఉంటే మేలు" అన్నాడు.

మెల్లమెల్లగా విషయం బయటపడింది. బోను వెనక రెండెకరాల ఆవరణ ఉంది. చెట్లున్నాయి, నీళ్ళ గుంట ఉంది, గోక్కోవడానికి దుంగలున్నాయి. ఎలుగు కోసమే కట్టి నాలుగేళ్ళయింది. బోనుకీ దానికీ మధ్య ఒక్క ఇనుప తలుపు. తాళంచెవి డైరెక్టరుగారి బీరువాలో ఉంది. ప్రారంభోత్సవ ఫలకం మీద పాత మంత్రిగారి పేరు చెక్కారు కాబట్టి కొత్త మంత్రిగారు తెరవరు. ఆయన తెరవనిది ఇంకెవరూ తెరవలేరు.

"ఉత్తరాలు గట్టిగా వచ్చినప్పుడల్లా డైరెక్టరుగారు భయపడి బీరువా దాకా వెళ్ళేవారమ్మగారూ. మూడుసార్లు వెళ్ళారు, నేను కళ్ళారా చూశాను. ఈలోగా మీ జవాబు వెళ్ళేది. అవతలివాళ్ళు చల్లబడేవాళ్ళు. ఈయనొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చునేవారు."

తన రాతకి ఇంత ప్రభావం ఉందని శ్రీమతితో ఎవరూ చెప్పలేదు. కాలేజీలో బహుమతిచ్చినప్పుడు కూడా. కీపరు వెళ్ళాక ఆవిడ చాలాసేపు కూరగాయల కత్తిపీట ముందు కూర్చుంది. ఏమీ తరగలేదు. తర్వాత చేతులు కడుక్కుని, గళ్ళ టోపీకి జవాబు రాసింది.

బయట తిరుగుతున్నవాళ్ళ గురించి దిగులు అక్కర్లేదనీ, వాళ్ళకు తిండికి లోటు లేదనీ, ఎటైనా వెళ్ళే స్వేచ్ఛ ఉందనీ, ఎటు వెళ్ళాలో ఆదేశం రాలేదంతేననీ రాసింది. లోపలున్నదాని విషయానికొస్తే, దయార్ద్ర హృదయులైన మంత్రిగారు వచ్చే నెల మొదటి శుక్రవారం ఉదయం పది గంటలకు కొత్త ఆవరణ తలుపు తమ స్వహస్తాలతో తెరవబోతున్నారనీ, తమరు తప్పక విచ్చేయాలనీ ముగించింది.

భర్త ముక్కు తుడుచుకుంటూ సంతకం పెట్టారు.

పది రోజులకి మంత్రిగారి కార్యాలయానికి ధన్యవాదాల ఉత్తరం వచ్చింది. గళ్ళ టోపీ తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుంది. పైగా తనలాంటి రెండు వందల మందికి చెప్పింది. వాళ్ళందరూ ధన్యవాదాలు రాశారు. తను ఆ మాట ఎప్పుడన్నానని మంత్రిగారు పీఏని అడిగారు. అనలేదని చెప్పే ధైర్యం పీఏకి లేదు. అన్నానేమోనన్న అనుమానం మంత్రిగారికి పట్టుకుంది. సాయంత్రానికి, అన్నట్టు బాగా గుర్తొచ్చింది. పాత ఫలకం మీద కొత్త ఫలకం అతికించారు. సమాచార అధికారిగారు ఇంటికొచ్చి, ఈ ఆలోచన మొదట్నుంచీ తనదేనన్నారు. శ్రీమతి కాదనలేదు.

శుక్రవారం షామియానా వేశారు. గళ్ళ టోపీ మాట్లాడే ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు కనక, దుబాసీగా శ్రీమతి వెళ్ళక తప్పలేదు. ఆవిడ ఎలుగుని చూడటం అదే మొదటిసారి. బోనులో దాని దారిలో సిమెంటు అరిగి గాడి పడింది. మలుపు దగ్గర మరీ లోతుగా, అరచెయ్యి పట్టేంత. బోర్డు మీద తన వాక్యం చూద్దామని తలెత్తితే అది అక్కడ లేదు. పీకి, కొత్త ఆవరణ కంచెకి బిగించారు. రంగు కూడా కొత్తగా వేశారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. కీపరు ఇనుప తలుపు లాగాడు. ఎలుగు గుమ్మంలో ఆగి, ముక్కెత్తి, గాలి పీల్చింది. గడ్డి మీద అడుగు పెట్టింది. ఒకటి, రెండు, మూడు.  శ్రీమతి చెయ్యి పక్కనున్న గళ్ళ టోపీ పట్టుకుంది. ఎదురుగా చెట్లు, ఆ వెనక నీళ్ళు. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఎలుగు ఆగింది. తల ఎడమకి విదిలించింది. వెనక్కి తిరిగింది.

మళ్ళీ తొమ్మిది. మళ్ళీ విదిలింపు. పావుగంట అయింది, అరగంట అయింది. చెట్ల దగ్గరికి పోలేదు.

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. మైకు అందుకున్నారు. రెండెకరాలిచ్చినా అది నడిచేది ఆ తొమ్మిది అడుగులేననీ, బోను చిన్నదని ఇన్నాళ్ళు నిందలేసినవాళ్ళు ఇప్పుడేమంటారనీ, బోర్డు మీద ప్రభుత్వం రాయించిన ప్రతి అక్షరం నిజమైందనీ చెప్పి, మైకు గళ్ళ టోపీ ముందు పెట్టారు.

పెద్దామె టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఎలుగు మీంచి చూపు తిప్పకుండా, "ఐ వాజ్ రాంగ్" అంది.

ఆ మూడు మాటలూ మంత్రిగారికి వచ్చు. ఆయన చప్పట్లు మొదలుపెట్టారు. డైరెక్టరు అందుకున్నారు, పీఏ అందుకున్నాడు, షామియానా మొత్తం దద్దరిల్లింది. ఆ హోరులో పెద్దామె చెప్పాల్సింది చెబుతూనే ఉంది. పక్కనున్న శ్రీమతికొక్కదానికే వినిపించింది. దుబాసీని ఎవరూ ఏమీ అడగలేదు.

చప్పట్లు ఇంకా ఆగకముందే భర్త గొడుగు పట్టుకుని పక్కకొచ్చి, ఇంకా ఏదో అంటోందే, ఏంటోయ్ అన్నారు.

"తలుపు తీస్తే సరిపోతుందనుకుందట. అలా అనుకోవడం తన తప్పేనట. తీయాల్సింది ఎన్నో ఏళ్ళ కిందటట."

ఆయన ఎలుగు వంక చూస్తూ నిలబడ్డారు. మొన్నటి అలవాటు పోలేదేమో, పెదాలు లెక్కపెడుతున్నాయి. తొమ్మిది దగ్గర ఆగాయి. ఆయన బోర్డు వంక చూశారు. మొదటిసారి మొత్తం చదివారు.

"తప్పు మనదే" అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అందులోనూ సగం వాటా తనకే పెట్టారని శ్రీమతి గమనించింది. అనడానికి నోరు తెరిచింది కూడా. ఈలోగా ఎలుగు మలుపు దగ్గరికొచ్చి తల విదిలించింది.

"మనదే" అంది.