రంగు దిగిన రేసు కార్లు

కొత్త ల్యాప్‌టాప్‌లో పాత ఆట నడవకపోవడమంత సుఖం సంసారంలో మరొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆయన జయరావు గారికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. కాయను దూరం నుంచి చూసి రంగు చెప్పేస్తారు. నేను కట్టుకున్న చీర ఏ రంగో మాత్రం పక్కన కూర్చున్నా కనబడదు.

అలాంటి మనిషి ఈ వేసవిలో, కాలేజీ రోజుల్లో ఆడిన కార్ల రేసు ఆటను ఎక్కడినుంచో పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు. తెరవగానే రోడ్డు గులాబీ రంగు, ఆకాశం ఆకుపచ్చ!

"తాలుకాయలా ఉందేంటే ఇది!" అన్నారు దిగులుగా. రంగు పోయి తెల్లబడిన మిరపకాయను మా వైపు అలాగే అంటారు. "కాయ రంగు నిలవాలంటే ఏం చేస్తాం? ఏసీలో పెట్టమా?"

పెట్టారు! కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టినట్టు ల్యాప్‌టాప్‌ని పడగ్గదిలో ఏసీ కింద పెట్టారు. మధ్యాహ్నం నేను వేసుకుంటే "జలుబు చేస్తుంది" అనే మనిషి!

ఆకాశం పచ్చగానే ఉంది. అప్పుడు మొదలైంది నా వైభోగం. కంపాటిబిలిటీ అట, రిజల్యూషన్ అట, గ్రాఫిక్స్ డ్రైవర్ అట! సెట్టింగు మార్చినప్పుడల్లా నన్ను పిలవడమే.

"ఇదిగో, ఇట్రా! ఆ కారు ఎరుపా, గులాబీయా?"

"నా చీర అంచు రంగండీ."

ఆయన తలెత్తి అంచు చూశారు. "అవునే! ఎప్పుడు కొన్నావిది?"

"మీరే కొన్నారు."

ఏ కౌన్సెలింగ్ సెంటర్ ఇస్తుందండీ ఈ ఫలితం? స్క్రీన్ మొత్తం నల్లబడితే మరీ మేలు. రీస్టార్ట్ అయ్యేదాకా వేరే పనిలేక నాతో మాట్లాడేవారు. మా అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు! దోసకాయ పప్పు బాగుందన్నారు! ప్రభుత్వం ఇంటికో నడవని ఆటను ఉచితంగా పంచాలని నా డిమాండు.

కానీ నిన్న సాయంత్రం ఏం నొక్కారో, రోడ్డు నల్లబడింది, ఆకాశం నీలమైంది. కారు మేలురకం కాయలా ఎర్రగా నిగనిగలాడింది. "వచ్చేసిందే!" అని కేక పెట్టారు. అంతే, తల మళ్లీ పైకి లేవలేదు. కాఫీ ఇచ్చాను, చల్లారిపోయింది. "ఏమండీ" అన్నాను. "ఊఁ" అన్నారు.

ఆ "ఊఁ"తో నేను చాలా ఏళ్లు కాపురం చేశాను.

ఇవాళ పక్కింటి శాంతి దగ్గరికి వెళ్లి, వాళ్లాయన దగ్గర పాత ఆటేదైనా ఉందా అని అడిగాను.

"ఒకటుంది గానీ వదినా, అది ఎందులో పెట్టినా నడిచి చావట్లేదు."

"అదే ఇవ్వమ్మా," అన్నాను.