నట్టల్లేని మేకలు

చేదాకు మేకల కడుపులోని నట్టలు అనే పురుగులను చంపదనీ, పైగా మేకలనే చంపుతుందనీ మా పరిశోధనా సంస్థ శాస్త్రీయంగా తేల్చిన సంగతి గత సంచికలో చదివే ఉంటారు. ఈ మహత్తర ఫలితం వెనక తొంభై రోజుల శ్రమ, నాలుగు సంఘాలు, పదకొండు మేకలు ఉన్నాయి. సంఘాల సభ్యులందరూ క్షేమం. జరిగింది జరిగినట్టు రాయడం సంస్థ పత్రికకు సంపాదకుడిగా నా విధి. ఆ విధిని ఈసారి పొరపాటున నిర్వర్తిస్తున్నాను.

మేకలు మేకలమ్మవి. మా ప్రహరీ అవతల రేకుల ఇంట్లో ఉంటుంది. ఆవిడా, మంచం పట్టిన ఆవిడ చెల్లెలూ ఆ మేకల పాల మీదే బతుకుతున్నారు. ఈ ఏడాది చుట్టుపక్కల మందలన్నిటికీ నట్టలు పట్టి, దవడల కింద నీరు దిగి, మేకలు పిట్టల్లా రాలిపోతుంటే ఈవిడవి మాత్రం నిగనిగలాడుతూ మా గోడ పక్కన గెంతులేస్తున్నాయి. చదువు లేని మనిషి మేకలు ఏ సంఘం అనుమతీ లేకుండా ఆరోగ్యంగా ఉండటం ఏ సంస్థకైనా ఆందోళన కలిగించే విషయమే. డైరెక్టరు గారు ఆవిణ్ణి పిలిపించారు.

"ఏం మందు పెడుతున్నావమ్మా?"

"మందేంటి బాబూ! మీ గోడ పొడుగునా ఉందిగా చేదాకు, దాన్ని అవే కొరుక్కుంటాయి. అది తిన్న మేకకి నట్టలుండవు. మా అమ్మ కాలం నుంచీ అంతే."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. గదిలో మేం ముగ్గురమే ఉన్నా గొంతు సవరించుకున్నారు. "పూర్వీకుల విజ్ఞానాన్ని ప్రపంచం ముందు నిలబెట్టే శుభ ఘడియ వచ్చింది!" అన్నారు. ప్రపంచం తరఫున నేను చప్పట్లు కొట్టాను.

మేకలమ్మ చప్పట్లు కొట్టలేదు. మేకలన్నిటినీ పరీక్షకు ఇవ్వమంటే, "నలభై రోజుల్లో ఇచ్చేస్తారుగా బాబూ? చుక్కది చూడితో ఉంది," అంది. ఇంతకు రెండింతలు లావు చేసి ఇస్తామని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాం.

మేక పెంటికలు నూరి, వడగట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి నట్టల గుడ్లు లెక్కపెట్టడం మా లాబ్ ఆవిడ పని. మూడు రోజులు కళ్ళు చిట్లించి చూసి పదకొండు సున్నాలు చుట్టింది. డైరెక్టరు గారు మండిపడ్డారు. నట్టల్లేని మేకల మీద నట్టల మందు ఎలా పరీక్షిస్తారు? "మేకలు బాగున్నాయని ఈవిడ ముందే చెప్పొద్దూ!" అన్నారు.

"చేదాకు తింటున్నాయి కాబట్టే నట్టలు లేవేమో సార్," అంది లాబ్ ఆవిడ.

"అది అనుభవం. మనకి కావలసింది ఆధారం. ఆధారం కావాలంటే ముందు నట్టలు కావాలి."

వెంటనే ఒక సంఘం కూర్చుంది. ఆవరణలో విచ్చలవిడిగా పెరిగిన చేదాకు ప్రయోగానికి అడ్డు తగులుతోందని కనిపెట్టింది. తోటమాలి పదిహేను రోజుల పాటు మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి కుప్పపోసి తగలబెట్టాడు. ఆవరణ అద్దంలా ఉందని నేను పత్రికలో ఫొటో కూడా వేశాను. ఆ తర్వాత జబ్బు మేకల పెంటికల్లో పెంచిన నట్టల పిల్లల్ని నీళ్ళలో కలిపి ఒక్కొక్క మేకకూ తాగించారు. ఇరవై ఆరో రోజున గ్రాముకు నాలుగు వేల గుడ్లు తేలాయి. మిఠాయిలు పంచారు. "మిత్రులారా, మనకు నట్టలు లేవన్నవాళ్ళ నోళ్ళు మూయించాం!" అని డైరెక్టరు గారు కళ్ళు ఒత్తుకున్నారు.

ఇక మందు పెట్టాలి. ఆవరణలో చేదాకు ఒక్క రెమ్మ లేదు. అయినా రెండో సంఘం కూర్చుని ఎంత మోతాదు ఇవ్వాలని మేకలమ్మను అడిగింది. "దానికెంత కావాలో అదే తింటుంది బాబూ," అంది. ఆ జవాబు రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. మూడో సంఘం పొడి తెప్పించింది. డబ్బా మీద చేదాకు అని పెద్దక్షరాలతో ఉంది. లాబ్ ఆవిడ చిటికెడు నాలిక మీద వేసుకుని చూసింది.

"సార్, ఇది చేదాకు కాదు. చేదే లేదు."

"డబ్బా మీద రాసుందా లేదా?"

"ఉంది సార్."

"మరి?"

ఆరు మేకలను లోపలి షెడ్డులో ఉంచి డబ్బా పొడి పెట్టారు. మిగిలిన అయిదింటినీ, పోలిక కోసం, ఏ మందూ పెట్టకుండా గేటు పక్కన కంచెలో ఉంచారు. చుక్కది ఈ అయిదింటిలో ఉంది.

మేకలమ్మ గేటు దగ్గరికి వచ్చి కంచెలోంచి చెయ్యి పెట్టి చుక్కదాని కనురెప్ప తిప్పి చూసింది. నట్టలు రక్తం పీల్చేసి లోపల తెల్లగా పాలిపోయి ఉంది. వెనుదిరిగింది. మర్నాడు నాలుగు మైళ్ళ దూరంలోని కాలవగట్టు నుంచి పచ్చి చేదాకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, బయటి ఆకు లోపలికి రానియ్యొద్దని ఆర్డరుంది," అన్నాడు గేటు కాపలాదారు.

"లోపలిది మీరే తగలబెట్టారు కదయ్యా!"

అతను మోపు స్వాధీనం చేసుకున్నాడు. స్వాధీనం చేసుకున్నదాన్ని ఎక్కడ భద్రపరచాలో ఆర్డరులో లేదు కాబట్టి కంచె పక్కన పడేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అయిదు మేకలూ మెడలు చాచి ఆబగా తిన్నాయి. ఆవిడ రోజూ తెచ్చింది, అతను రోజూ స్వాధీనం చేసుకున్నాడు. నా గది కిటికీ అటే ఉంటుంది. రోజూ చూశాను. "మీరేమైనా చూశారా?" అని డైరెక్టరు గారు ఒకసారి అడిగారు. రాయడమే తప్ప చూడటం నా ఉద్యోగం కాదని మనవి చేశాను.

షెడ్డులోని ఆరూ ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. కంచెలోని అయిదూ గెంతులేశాయి. నాలుగో సంఘానికి ఇంతకన్నా ఏం కావాలి? చేదాకు పెట్టినవి పోయాయి, పెట్టనివి బతికాయి. మొక్క కనిపించిన చోటల్లా పీకెయ్యాలని సిఫారసు చేశారు. అయితే మందు పెట్టకుండానే ఆ అయిదింటికి నట్టలు నిజంగా పోయాయో లేదో నిర్ధారించాలి. కోసి చూశారు. ఒక్క నట్టా లేదు. చుక్కదాని కడుపులో రెండు పిల్లలున్నాయి కానీ, ఆ పట్టికలో పిల్లలకు వరస లేదు.

ఆ సాయంత్రం మేకలమ్మ పలుపుతాళ్ళు పట్టుకుని వచ్చింది. ఆరు పోయాయని ఆవిడకు తెలుసు. అయిదు తాళ్ళే తెచ్చింది. కాపలాదారు తలుపు వెనక నక్కాడు. నన్ను పంపారు.

"మేకలు శాస్త్రానికి ఉపయోగపడ్డాయమ్మా," అన్నాను.

"అదేంటి బాబూ! పొద్దున కూడా ఆకు తిన్నాయి. చుక్కది నా చెయ్యి నాకింది."

నేను ప్రశంసాపత్రం ఇచ్చాను. డైరెక్టరు గారి సంతకం, బంగారు రంగు అంచు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పాలిస్తుందా బాబూ?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నేను గబగబా లోపలికి వచ్చేశాను.

గత సంచిక చూసి మీరు మూడు వందల పన్నెండు ఉత్తరాలు రాశారు. పెరట్లో చేదాకు పీకేశామని రెండొందల మంది, డైరెక్టరు గారి ఫొటో ఇంకా పెద్దదిగా వెయ్యాల్సిందని కొందరు, కోసిన మేకల మాంసం ఏం చేశారని ఒకరు. ఆ మేకలు ఎవరివని మాత్రం ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని భయపడి వారం రోజులు కూర్చుని జవాబు తయారు చేసి పెట్టుకున్నాను. అవసరం రాలేదు. పాఠకుల నుంచి ఇంతటి సహకారం అందుతున్నందుకు సంస్థ తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.